సూచీకర్మము – చిత్తైకాగ్రత
(మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



కార్యదర్శిగారు నాకు వ్రాసిన జాబులో, "తాము సంస్కృతము చదివినవారు గావున మన మేర కులముయొక్క ప్రాచీనతను గూర్చి ప్రమాణపూర్వకముగా ఉపన్యసింపవలసినది" అని కోరియుండిరి. వారి యాజ్ఞను నేను సగమే నెరవేర్పగలను. మన మూలపురుషుడు ఏ ఋషి, ఏ రాజు అను విచారమునకు నేను పూనుకొనలేదు. మూలపురుషుడు ఎవరైనను ఆయన మనచేతి కిచ్చిపోయినది సూది. ఆ సూదిని గూర్చియే నాలుగు మాటలు చెప్పెదను.

నేను చెప్పదలచిన విషయ మొక్కటియే. చేతికుట్టు బ్రతుకుతెరువు మాత్రమే కాదు. శ్రద్ధతో చేసినచో నది చిత్తమును నిలుపు సాధనము. పరదేశములవారును, పరమార్థచింతన గలవారును ఆ సాధనమును గౌరవముతో చేపట్టియుండగా, పుట్టుకతోడనే దానిని పొందిన మనము సిగ్గుచే దానిని విడిచితిమి. ఆ సిగ్గు నిష్కారణమని నిరూపించుటయే నా యుద్దేశము.

ముందుగా నా తప్పు నొకటి ఒప్పుకొనవలెను. పదునారేండ్ల ప్రాయమున నేనొక సంస్కృత పాఠశాలలో చదువుకొనుచుండగా మనుస్మృతి చతుర్థాధ్యాయము పాఠమునకు వచ్చినది. ఎవరెవరి యన్నము భుజింపరాదో యచట నొక పట్టిక కలదు. నటునికిని కృతఘ్నునికిని నడుమ తున్నవాయుడు పేర్కొనబడినాడు. తున్నవాయుడనగా దర్జీ. పాఠము చెప్పుచున్న గురువుగారు నా వంక చూడలేదు. వారు చూడకుండుటయే నాకు చూచినట్లు తోచినది. ఆ సాయంకాలము తోటివిద్యార్థి యొకడు మా తండ్రిగారి వృత్తి యేమని యడుగగా, "బట్టల వ్యాపారము" అని చెప్పితిని.

నెలదినములైన పిమ్మట మా తండ్రిగారు నన్ను చూచుటకు వచ్చిరి. వారు కుట్టుమిషను మీద పనిచేయువారే గాని, కాజాలును, అంచులును, మెడపట్టీలోపలి కుట్టును చేతితోనే ముగించెడివారు. అందుచే వారి చొక్కా మెడపట్టీలో ఎల్లప్పుడును ఒక సూది గ్రుచ్చియుండెడిది. దానికి జానెడు తెల్లదారము వ్రేలాడుచుండెడిది. నేను వారిని గోడచాటునకు తీసికొనిపోయి, "నాయనా, ఆ సూది తీసివేయుము" అంటిని. వారేమియు అనలేదు. సూదిని మెల్లగా తీసి, దారమును దానిచుట్టును చుట్టి, జేబులోని చిన్న రేకుడబ్బీలో నుంచుకొనిరి. తిరిగి యెన్నడును ఆ మాట యెత్తలేదు. నేనును ఎత్తలేదు. వారు గతించి చాలకాలమైనది. నేటి యుపన్యాసము ఒకవిధముగా వారికి నేనీయవలసిన సంజాయిషీ.

ఆ వయస్సున నేను చదివిన చదువు కొంచెము, సిగ్గు అధికము. పిమ్మట అదే భాషలో, అదే వాఙ్మయములో, సూదికి గల స్థానమును క్రమక్రమముగా కనుగొంటిని.

మొదట వేదము. ఋగ్వేద ద్వితీయమండలమున రాకయను పౌర్ణమీదేవతను గూర్చిన ప్రార్థన యొకటి కలదు. ఆ దేవత తెగని సూదితో తన పనిని కుట్టవలెననియు, వీరుడైన పుత్రుని ప్రసాదింపవలెననియు ఋషి వేడుకొనుచున్నాడు. సంతతి కలుగుటను చెప్పవలసివచ్చినపుడు ఆయనకు దేవతచేతిలో సూది కనబడినది. స్మృతికంటె శ్రుతి బలవత్తరమని మీమాంసకుల సిద్ధాంతము. పదునారేండ్లనాడు ఈ సంగతి నాకు తెలిసియుండినచో ఆ తోటివిద్యార్థికి మరియొక సమాధానము చెప్పియుందును.

పిదప వ్యాకరణము. కుట్టుట యను నర్థముగల "సివ్" ధాతువునుండి సూత్రశబ్దము పుట్టినదని ఉణాదికారులు చెప్పుదురు. బ్రహ్మసూత్రములు, యోగసూత్రములు, ధర్మసూత్రములు అని మనము భక్తితో నుచ్చరించు పేర్లలోని సూత్రశబ్దము కుట్టుపనివాని యొడిలోనుండి లేచినదే. అమరసింహుడు దర్జీకి రెండు పేర్లు చెప్పినాడు: తున్నవాయుడు, సౌచికుడు. తున్నమనగా పొడువబడినది, చినిగినది. చినిగినదానిని తిరిగి నేసినట్లు కలుపువాడు తున్నవాయుడు. నేటిమాటలో రఫూ చేయువాడు. ఇంతకంటె గౌరవప్రదమైన పేరు ఏ వృత్తికి గలదు?

తరువాత వైద్యము. సుశ్రుతసంహిత సూత్రస్థానమున గాయమును కుట్టు పద్ధతులు నాలుగు చెప్పబడినవి: వేల్లితకము, గోఫణిక, తున్నసేవని, ఋజుగ్రంథి. ఇందు మూడవదాని పేరును గమనింపుడు. తున్నవాయుడు బట్టను కుట్టు రీతిని చూచియే శస్త్రవైద్యుడు దానికా పేరు పెట్టినట్లు కనబడుచున్నది. సూదులును మూడు విధములు. మాంసము తక్కువగానున్న చోటులకును కీళ్లకును రెండంగుళముల గుండ్రని సూది. మాంసలస్థానములకు మూడంగుళముల మూడంచుల సూది. మర్మస్థానములకును ఉదరమునకును వింటివలె వంగిన సూది. ఏ గుడ్డకు ఏ సూదియో మా తండ్రిగారు ఎంచుకొనునపుడు ఇదే వివేకమును చూపెడివారు. మల్లుగుడ్డకు సన్ననిది, కోటుగుడ్డకు పొడవైనది, గోనెకు దబ్బనము. వస్తువుయొక్క స్వభావమును ముందు తెలిసికొని పిమ్మట దానిని స్పృశించుట ఇరువురకును సమానధర్మము.

ఇక ఉపనిషత్తు. బృహదారణ్యకమున ఉద్దాలకుడు యాజ్ఞవల్క్యుని, ఇహపరలోకములను సర్వభూతములను కూర్చియుంచిన సూత్ర మేదియని ప్రశ్నించినాడు. వాయువే యా సూత్రమని యాజ్ఞవల్క్యుడు బదులుచెప్పినాడు. అందుచేతనే మృతుని యవయవములు సడలిపోయినవని లోకులందురని వివరించినాడు. శ్వాసయే దారము, అది తెగినచో కూర్పు వీడును. కుట్టుపని చేయువాడు ఈ వాక్యమును చదువకపోయినను ఎరుగును. ఎట్లెరుగునో చెప్పెదను.

మిషనుకుట్టునకును చేతికుట్టునకును గల భేదము వేగము మాత్రమే యని పలువురు తలంతురు. అది పొరపాటు. మిషనుసూదికి బెజ్జము మొనయందుండును, చేతిసూదికి తోకయందుండును. మిషనుకుట్టులో రెండు దారములు: పైదార మొకటి, క్రిందికండెదార మొకటి. రెండును గుడ్డనడుమ నొకదానినొకటి మెలివేసికొని, ఎవరివైపునకు వారు మరలిపోవును. ఏ దారమును గుడ్డను పూర్తిగా దాటదు. చేతికుట్టులో దార మొక్కటియే. సూది మొత్తము గుడ్డలోనుండి ఆవలికి పోవును. దానివెంట దారమంతయు పోవును. మరల ఈవలికి వచ్చును. ప్రతికుట్టునకును చేయి బయలుదేరి, దూరముపోయి, తిరిగి ఇల్లు చేరవలసినదే. పని సాగినకొలది దారము తరుగుచుండును. కావున కుట్టువాడు ఎంత గడచినదో, ఎంత మిగిలినదో నిరంతరము ఎరిగియుండును.

ఇచట మూడు నియమములు తమంత తామే ఏర్పడుచున్నవి. మొదటిది ఆసనము. వెన్ను నిలుపక, మోకాళ్లమీద గుడ్డను సరిగా పరచుకొనక, గంటసేపు కుట్టుట అసాధ్యము. రెండవది శ్వాస. సూదికి దారమెక్కించునపుడు ఎవరును ఊపిరి విడువరు. దారపుకొనను తడిపి, రెండువ్రేళ్లనడుమ నలిపి, బెజ్జమునకు చేర్చు నా క్షణమున ఊపిరి తానే నిలుచును. కుట్టు సాగుచుండగా సూది గ్రుచ్చునపుడొక నిశ్వాసము, దారము లాగునపుడొక ఉచ్ఛ్వాసము. ఎవరును నేర్పకయే శ్వాసయు దారమును ఒక్క నడకకు వచ్చును. మూడవది లక్ష్యము. చిత్తము నొకచోట కట్టివేయుటయే ధారణ యని పతంజలి నిర్వచించినాడు. తరువాతి కుట్టు పడవలసిన చోటు నువ్వుగింజంత. దృష్టి యక్కడ తప్ప మరెక్కడను ఉండుటకు వీలులేదు. ఉన్నచో సూది వ్రేలిని గ్రుచ్చి మందలించును.

ధ్యానమునకు జపమాల చాలదా యని మీరడుగవచ్చును. చాలును. కాని జపమాలకంటె కుట్టునం దొక విశేషము కలదు. మాల త్రిప్పుచు మనస్సును బజారులో త్రిప్పినను చూచువారికి తెలియదు. కొంతకాలమునకు మనకును తెలియదు. కుట్టు అట్టిది కాదు. కోపముతో కుట్టిన కుట్టు బిగియును, గుడ్డ ముడుతపడును. పరధ్యానముతో కుట్టినది వదులగును. తొందరతో కుట్టినది పొడవగును. గంట గడచిన పిమ్మట గుడ్డను వెలుతురునకెత్తి పట్టినచో, ఆ గంటసేపు మన మనస్సు నడచిన దారి యంతయు వరుసగా కనబడును. ఇంతటి నిష్పక్షపాతమైన సాక్షి వేరొకటి లేదు. తప్పినచోట విప్పి మరల కుట్టుటయే ప్రాయశ్చిత్తము. దానికి మంత్రములు, దక్షిణలు అక్కరలేదు.

ఈ మాటలు కులాభిమానముచే నేను కల్పించుచున్నవి కావు. బౌద్ధభిక్షువునకు అనుమతింపబడిన అష్టపరిష్కారములలో మూడు చీవరములు, భిక్షాపాత్ర, మంగలకత్తి, నడికట్టు, నీటివడపోతగుడ్డలతో పాటు సూదియు నొకటి. సర్వమును త్యజించినవాడును సూదిని త్యజింపరాదు. మగధదేశమున గట్లతో చతురస్రములుగా విభజింపబడిన పొలములను బుద్ధభగవానుడు ఆనందునకు చూపి, భిక్షువుల చీవరమును ఆ రీతిగా తీర్చగలవా యని యడిగెననియు, ఆనందుడు ముక్కలు కత్తిరించి కూర్చి యట్లే కుట్టి చూపెననియు వినయపిటకములోని మహావగ్గమున కలదు. ఆనందుని యా నేర్పును భగవానుడు శ్లాఘించినాడు. వరిమళ్లను చూచి వస్త్రమును కుట్టిన యా భిక్షువు మన వృత్తికి బంధువు కాడా?

ఆ చీవరము బౌద్ధముతో పాటు జపానుదేశము చేరినది. అచట దానికి పుణ్యక్షేత్రవస్త్రమని యర్థమిచ్చు పేరు కలదు. డోగెన్ అను జెన్ ఆచార్యుడు (1200–1253) ఆ వస్త్రముయొక్క మహిమను గూర్చి ప్రత్యేకముగా నొక ప్రకరణమే వ్రాసినాడు. కాలక్రమమున సడలిన చేతికుట్టు సంప్రదాయమును ఇరువదవ శతాబ్దిలో సవాకి కోడో (1880–1965) మున్నగువారు ఉద్ధరించిరి. వారి సంప్రదాయమున దీక్ష గొనదలచినవాడు తన వస్త్రమును తానే చేతితో కుట్టుకొనవలెను. ఒక్కొక్క కుట్టునకును బుద్ధుని శరణుచొచ్చు మాటను మనస్సులో నుచ్చరింపవలెను. వేలకొలది కుట్లు, వేలకొలది శరణాగతులు. ఆ దేశముననే ఫిబ్రవరి 8వ తేదీనగాని డిసెంబరు 8వ తేదీనగాని విరిగిన సూదులకు పూజచేయు నాచారము కలదు. ఏడాది పొడవునను గట్టిగుడ్డలను పొడిచి అలసిన సూదులను మెత్తని సోయాపన్నీరులో గ్రుచ్చి విశ్రాంతి నిత్తురు. దసరానాడు కత్తెరను, గజముబద్దను, మిషనును అమ్మవారిముందుంచి కుంకుమ పెట్టు మనకు ఆ భావము క్రొత్తది కాదు.

మన దేశముననే చూడుడు. పండ్రెండవ శతాబ్దిలో కల్యాణమున బసవేశ్వరుడు ప్రవర్తింపజేసిన శివశరణుల సమాజములో ప్రతివారికిని కాయకము విధింపబడినది. చేతిపనియే పూజ. ఆ శరణులలో సూజికాయకద రామితందె యను వచనకారు డుండినాడు. సూజియనగా కన్నడమున సూది. ఆయన తన వృత్తిని దాచుకొనలేదు. తన పేరునకు ముందే తగిలించుకొన్నాడు. మహారాష్ట్రమున నామదేవుడు (1270–1350) శింపీ, అనగా దర్జీ. ఆయన పదములు 61 సిక్కుల గురుగ్రంథ సాహిబులో చేర్చబడినవి. వానిలో నొకదానియందు ఆయన గజముబద్ద, కత్తెర, సూది, దారములనే హరిభజనకు ఉపమానములుగా గ్రహించినాడు. మన పరికరములు పంజాబుదేశపు పవిత్రగ్రంథములో కూర్చుండియుండగా, నేను పాఠశాల గోడచాటున మా తండ్రిగారి సూదిని తీయించితిని.

దూరపు దృష్టాంతము లటుండనిండు. మన యింటి బొంత నెరుగనివారు ఈ సభలో నుండరు. బొంతనే సంస్కృతమున కంథ యందురు. శంకరభగవత్పాదులదిగా ప్రసిద్ధమైన భజగోవిందస్తోత్రమున వీథిలో దొరికిన పేలికలతో కుట్టిన కంథను ధరించు యోగి ప్రసక్తి కలదు. ఆ శబ్దమే వంగదేశమున కాంథాయై, పాతచీరలను పొరలు పొరలుగా పేర్చి సన్ననికుట్టుతో చిత్రములు దిద్దు గొప్పకళగా వికసించినది. జసీముద్దీనను కవి 1929లో ప్రకటించిన "నక్షీ కాంథార్ మాఠ్" అను కావ్యమున భర్త దూరమైన పల్లెపడుచు తన జీవితకథ నంతయు ఒక బొంతమీద కుట్టి, దానిని తన సమాధిపై పరువుమని తల్లిని కోరును. మాటలతో చెప్పుకొనలేని దుఃఖమును కుట్టు మోసినది.

మా తల్లిగారు బొంత కుట్టు రీతిని చెప్పెదను. పాతచీరలను నానబెట్టి, గంజిపోవునట్లు ఉతికి, ఆరవేసి, అంచులు వేరుచేసి, మెత్తనివి లోపలికిని గట్టివి పైకిని పేర్చెడిది. నేలమీద పరచి, నాలుగు మూలల బరువుంచి, ముందుగా పెద్దపెద్ద టాకాలు వేసెడిది. ఆ పిమ్మట అంచునుండి మొదలుపెట్టి చుట్టును తిరుగుచు, లోపలిలోపలికి, చతురస్రములో చతురస్రముగా కుట్టుకొనివచ్చి, చివరకు నడుమ ముగించెడిది. దారమునకు మైనము రాచెడిది. మూరెడుకంటె పొడవైన దారము తీసినచో, "బద్ధకస్తుని దారము చిక్కుపడును" అని మమ్ము గద్దించెడిది. దేవాలయమునకు ప్రదక్షిణము చేయువారు వెలుపలి ప్రాకారమునుండి గర్భగృహము చేరినట్లే, బొంతచుట్టును తిరిగితిరిగి యామె నడుమకు చేరెడిది. ఎండకాలపు మధ్యాహ్నములలో నామె ముఖమునందలి ప్రశాంతతను, పిమ్మట అనేక పుణ్యక్షేత్రములలో అనేకుల ముఖములందు వెదకితిని. అరుదుగా కంటిని.

పదవీవిరమణానంతరము ఆ బొంత యొకటి చినిగినది పెట్టెలో దొరికినది. బాగుచేయుదమని కూర్చుంటిని. ముప్పదియైదేండ్లు పిల్లల వ్రాతపుస్తకములను దిద్దినవాడను. ఒక్క జానెడు కుట్టును తిన్నగా వేయలేకపోతిని. మా తల్లిగారి కుట్లు అంగుళమునకు ఎనిమిది చొప్పున వరుసగా నుండగా, వాని ప్రక్కన నావి మూడో నాలుగో పడి వంకరపోయినవి. పదేండ్ల మనుమరాలు చూచి, "తాతయ్యా, మీవి చీమలు బెదరి పారిపోయినట్లున్నవి" అన్నది. నవ్వితిని గాని మనస్సున గ్రుచ్చుకొన్నది. విప్పితిని, మరల కుట్టితిని. ప్రతిదినమును వేకువను అరగంట చొప్పున నాలుగు మాసములు పట్టినది. చాలకాలము, ఎడతెగక, ఆదరముతో చేసిన అభ్యాసమే దృఢపడునని యోగసూత్రములను పిల్లలకు ఎన్నిమార్లు పాఠము చెప్పియుందునో! దాని యర్థము ఆ బొంతమీద తెలిసినది. ధ్యానము కొరకు కన్నులు మూసికొని కూర్చుండినపుడు నాకు లభింపని నిశ్చలత, కన్నులు తెరచి చినిగిన బట్టను చూచుచుండగా లభించినది.

ఇచట నొక హెచ్చరిక చేయవలెను. లేనిచో నా మాట అనర్థమునకు దారితీయును. కుట్టు ధ్యానమని చెప్పి కుట్టువాని కూలి తగ్గింపరాదు. ప్రొద్దుటినుండి అర్ధరాత్రివరకు మసకదీపముక్రింద, ఇంటద్దెకై బెంగపడుచు కాజాలు కుట్టువానితో, "నాయనా, నీది యోగము" అనుట పరిహాసమగును. చిత్తము నిలుచుటకు ముందు పొయ్యి వెలుగవలెను. తీరిక, వెలుతురు, తగినంత ప్రతిఫలము ఉన్నపుడే శ్రమ సాధనగా మారును. అవి లేనపుడు శ్రమ శ్రమయే. కన్నులు మసకలై, మెడలు వంగిపోయి గతించిన మన పెద్దలకు మనమీయవలసినది స్తోత్రములు కావు, న్యాయము.

అందుచేతనే నేను యంత్రద్వేషిని కాను. 1830లో ఫ్రాన్సుదేశమున తిమోన్యే యను దర్జీ కుట్టుయంత్రమునకు హక్కుపత్రము పొందినాడు. మరుసటియేడు ప్యారిస్ నగరపు దర్జీలే గుంపుగాబోయి ఆయన యంత్రములను ధ్వంసము చేసిరి. అన్నముపోవునను భయము వారిది, వారిని నిందింపజాలము. అయినను యంత్రమాగలేదు. 1846లో ఎలియాస్ హౌ, 1851లో ఐజాక్ సింగర్ అమెరికాలో హక్కుపత్రములు పొందిరి. యంత్రములను తీవ్రముగా విమర్శించిన గాంధీమహాత్ముడే 1924లో, సింగర్ కుట్టుయంత్రమును తన నియమమునకు మినహాయింపుగా నంగీకరించినాడు. భార్య చేతికుట్టుతో పడు ప్రయాసను చూడలేక ప్రేమచే సింగర్ దానిని కల్పించెనని ఆయన చెప్పినాడు. మన యిండ్లలో ఎందరో విధవలు, ఎందరో తల్లులు ఆ మిషను త్రొక్కియే పిల్లలను చదివించిరి. దానికి నమస్కరింపనివాడు కృతఘ్నుడు.

కాని నేడు మిషనుదర్జీకిని కష్టకాలము వచ్చినది. తయారైన దుస్తులు అంగళ్లలో గుట్టలుగా అమ్ముచున్నారు. మన యువకులు కత్తెర విడిచి ఇతరోద్యోగములకు పోవుచున్నారు. పోవలసినదే, నేనును పోయినవాడనే. కులవృత్తి ఎవ్వరికిని సంకెల కాకూడదు. నేను చెప్పునది వేరు. వృత్తిని విడువవచ్చును, విద్యను విడువరాదు. అన్నముకొరకు కుట్టవలసిన యక్కర తీరిన యింటిలోనే, కుట్టును కుట్టుకొరకు చేయు స్వాతంత్ర్యము మొదటిసారి లభించుచున్నది. మన తాతలకు తీరిక లేకపోయెను, మనకున్నది. వారి చేతులలో బరువైయుండినది మన చేతులలో సాధన కాగలదు.

ఈ సంగతి మనకంటె ముందు ఇతరులు గ్రహించుచున్నారు. కర్ణాటకమున సండూరు లంబాడీ స్త్రీల కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన తెలంగాణ తండాలలోని లంబాడీ యక్కచెల్లెండ్రును అద్దములు, గవ్వలు పొదిగి కుట్టు నేర్పు గలవారే. పాతబట్టలకు అతుకు కనబడునట్లు కుట్టి ధరించుట పట్టణములందును, విదేశములందును విద్యావంతులకు ఇష్టమైనది. ఒకనాడు పేదరికపు గుర్తుగా దాచుకొన్న యతుకును వారు బహిరంగముగా ధరించుచుండగా మనమింకను దాచుకొనుట యేల?

కావున సంఘమువారి యెదుట మూడు మనవులు చేయుచున్నాను. మొదటిది: మన విద్యార్థివసతిగృహమున బాలురకును బాలికలకును భేదములేక వారమున కొకనాడు అరగంట చేతికుట్టు నేర్పవలెను. గుండీ కుట్టుకొనుట, అంచు మడుచుట, చినుగు కలుపుట, ఈ మూడు వచ్చిన చాలును. నేర్పువారికి ఉచితసేవ యనక తగిన గౌరవవేతన మీయవలెను. రెండవది: ఇంకను చేతికుట్టు నెరిగిన వృద్ధులు మన గ్రామములందు కలరు. వారు బ్రతికియుండగనే వారి కుట్లరీతులను, వానికి వారు వాడు పేర్లను ఒక పుస్తకమున వ్రాయించి, ఒక్కొక్క కుట్టును గుడ్డముక్కపై కుట్టించి భద్రపరుపవలెను. పేరు పోయిన కుట్టు త్వరలోనే పోవును. మూడవది: వచ్చు మహాసభకు ప్రతి కుటుంబమువారును తమ పెద్దలు ధరించిన పాతగుడ్డ నుండి జానెడు ముక్క తీసికొనిరావలెను. సభ జరుగు మూడుదినములును ఒక మూల చాప పరచి, వచ్చిన ముక్కలన్నియు కూర్చి ఒక బొంత కుట్టుదము. పోషకులును, పెద్దయుద్యోగులును, నాబోటి విశ్రాంత ఉపాధ్యాయులును పదేసి కుట్లు వేయవలెను. వంకరైనను సరే. ఆ బొంతను వసతిగృహములోని పిల్లలు చలికాలమున కప్పుకొందురు. మన కులచరిత్రను ఏ పురాణమునందో వెదకుటకంటె అది సత్యమైన చరిత్ర యగును.

సోదరులారా, సూది గుడ్డను పొడుచును. పొడిచినచోటనే దారము నుంచి పోవును. కత్తెర వేరుచేసినదానిని సూది కూర్చును. సంఘమనునదియు కుట్టువంటిదే. ఒక్కకుట్టు ఎంత గట్టిదైనను వస్త్రమును నిలుపజాలదు. వరుసగా, సమముగా, ఓర్పుతో పడిన చిన్నకుట్లే నిలుపును. గ్రామగ్రామమునను తగవులచే చినిగిన మన బాంధవ్యములకు ఆ మాట అన్వయించుకొనుడు.

ఈ యుదయమున ఇంటినుండి బయలుదేరునపుడు నా మనుమరాలు నా చొక్కా మెడపట్టీని చూచి, "తాతయ్యా, సూది మరచిపోయినారు, తీయనా?" యని యడిగినది. "వలదమ్మా, ఉండనిమ్ము" అంటిని. అది యిపుడును ఇచటనే యున్నది; దానికి జానెడు తెల్లదారము కలదు. నలువదియైదేండ్లకు పైగా ఆలస్యముగా మా తండ్రిగారికి నే చేయుచున్న నమస్కార మిది.

 మన సంఘము చిరకాలము వర్ధిల్లుగాక. స్వస్తి.